పోయినసారి ఐవీసీ పొర దగ్గరే పోయింది

రిజల్ట్స్ నిన్న సాయంత్రం వచ్చాయి. పాథాలజీ పీజీ, రెండో ప్రయత్నంలో పాస్! రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను. థియరీ ఎలా చదవాలో మీకు తెలిసిందే, దాని జోలికి పోను. పోయినసారి నన్ను ముంచిన వైవా (నోటితో జవాబు చెప్పే పరీక్ష) సంగతి చెప్తాను.

జార్‌లో కాలేయం. వెనక ఐవీసీని, అంటే శరీరం కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను, నిలువునా కోసి తెరిచారు. డయాఫ్రమ్ ఎత్తులో, హెపాటిక్ వెయిన్స్ (కాలేయపు సిరలు) కలిసే చోటికి కాస్త పైన, అడ్డంగా తెల్లటి పొర. బడ్-కియారీ, అంటే కాలేయం నుంచి రక్తం బయటకు పోయే దారి మూసుకుపోయే జబ్బు, అని టక్కున చెప్పేశాను. అక్కడిదాకా బాగానే ఉంది.

"ఈ పొర ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" అన్నారు ఎగ్జామినర్.

"పుట్టుకతోనే సార్."

"మరి 40 ఏళ్లు వచ్చేదాకా ఈయన కాళ్లెందుకు వాయలేదు?"

నోట మాట రాలేదు. ఆ తర్వాత తెలిసినవి అడిగినా తడబడ్డాను. చదవక కాదు, ఆ మాట గట్టిగా చెప్తాను. పాత నోట్సులో "కంజెనిటల్ వెబ్" (పుట్టుకతో వచ్చిన పొర) అన్న ఒక్క ముక్క పట్టుకుని, టిష్యూ చూడకుండా వెళ్లాను, అంతే.

నెల రోజులు పుస్తకం ముట్టలేదు. తర్వాత ఒక సీనియర్ అక్క పాత స్లైడ్స్ వెతికి ఇచ్చింది. హెచ్ అండ్ ఈలో (మామూలుగా వేసే రంగులో) నాకు గులాబీ రంగు ముద్ద తప్ప ఏమీ కనపడలేదు. కొలాజెన్‌ను నీలంగా చూపే మాసన్ ట్రైక్రోమ్ రంగు పెట్టాక కథ తెలిసింది. ఒక అంచున ఎర్రటి ఫైబ్రిన్ (గడ్డకట్టిన రక్తంలోని పోగులు), పొరలు పొరలుగా. కాస్త లోపలికి జరిపితే దాంట్లోకి చొరబడుతున్న సన్నటి నీలం పోగులు. నాళం గోడ దగ్గరికొస్తే గట్టిపడిన నీలం కొలాజెన్ (మచ్చలో ఉండే పీచు), మధ్యమధ్య నున్నటి కండర కణాలు. ఆ కొలాజెన్‌లో ఎండోథీలియం (నాళం లోపలి పొర) పరుచుకున్న చిన్న చిన్న కాలువలు, అదే రీకెనలైజేషన్, అంటే మూసుకున్న చోట మళ్లీ దారి పడటం. ఐరన్‌ను చూపే పెర్ల్స్ స్టెయిన్‌లో మాక్రోఫేజ్‌ల (చెత్తను మింగే కణాల) నిండా ఐరన్. ఒకే పొరలో కొత్త గడ్డ, పాత గడ్డ, మచ్చ, అన్నీ పక్కపక్కనే!

అంటే రక్తం గడ్డకట్టింది, గోడలోంచి కణాలు పాకి దాన్ని ఆర్గనైజ్ చేశాయి (మచ్చగా మార్చాయి), కొలాజెన్ బిగుసుకుంది, దాని మీద మళ్లీ గడ్డ. కొందరిలో పల్చటి పొరగా, కొందరిలో సెంటీమీటర్ల పొడవున మూసుకుపోయి ఉండేది అందుకే. ఇదంతా ఏళ్ల తరబడి నడుస్తుంది, ఈలోగా అజైగస్ అనే పక్క సిర వైపు దారులు తెరుచుకుని రక్తం అటు పోతుంది. ఆ 40 ఏళ్ల ప్రశ్నకు జవాబు ఇదే. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వాదన కూడా ఇదే. కాలేయ వైద్యుడు కునియో ఒకుడా దీన్ని హెపాటిక్ వెయిన్స్ మూసుకుపోయే జబ్బు నుంచి విడదీసి "ఆబ్లిటరేటివ్ హెపాటోకావోపతి" అన్నారు. ఆ పేరు చెప్పండి, ఎగ్జామినర్ మొహం వెలుగుతుంది.

కాలేయం సంగతి మీకు వచ్చు: జోన్ 3 కంజెషన్ (సెంట్రల్ వెయిన్ చుట్టూ రక్తం నిలిచిపోవడం), సైనుసాయిడ్లు (సన్నటి రక్తపు దారులు) ఉబ్బడం, సెంట్రల్ వెయిన్ల మధ్య ఫైబ్రోసిస్ (మచ్చ కట్టడం), దాంతో కాలేయపు అమరిక తిరగబడినట్టు కనపడే రివర్స్ లోబ్యులేషన్. కాలేయ క్యాన్సర్ రిస్క్ మర్చిపోకండి.

ఒక్క మాట, కోపగించుకోకండి. ఫోన్ గదిలో ఉంటే స్లైడ్ చూసినట్టు కాదు. రోజుకో స్లైడ్, చూసింది చూసినట్టు పెన్సిల్‌తో గీయండి. నేను 4 నెలలు గీశాను, పండగ రోజు కూడా.

ఇంతకీ ఈసారి వైవాలో ఐవీసీ అడగనే లేదు. కిడ్నీ ఇచ్చారు.