జికోమో, నాయనమ్మా

ఆఫ్రికాలోని మలావీలో ఏడు నెలల మిషన్ సేవ ముగించుకుని మొన్న ఇంటికొచ్చాం. లిలాంగ్వే, అడిస్ అబాబా, ముంబై, శంషాబాద్. దారంతా సామాన్ల టెన్షనే. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలి నల్లగొండ దారి పట్టాక మా ఆయన కారు అద్దం దించారు. దూరంగా లతీఫ్ సాబ్ గుట్ట కనబడగానే నాకు ఏడుపొచ్చింది.

అత్తమ్మ జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు చేసి పెట్టింది. అక్కడ రోజూ మక్కపిండి న్సీమానే తిన్నాం. చేత్తో ముద్ద చేసి కూరలో అద్దుకుంటారు, అచ్చం మన సంకటిలాగే. మా చిన్నది రొట్టె అందుకుని "జికోమో, నాయనమ్మా" అంది. చిచేవా భాషలో థ్యాంక్స్ అని. "ఏమన్నవ్ బిడ్డా?" అని అడిగి అడిగి అత్తమ్మ ఆ మాట నేర్చుకుంది. మలావీలో చర్చి ముందు మమ్మల్ని సాగనంపిన అమ్మలు చివరగా అన్నదీ అదే.

రాత్రి ప్రార్థనలో అత్తమ్మ వాళ్లందరినీ తలుచుకుని, "జికోమో ప్రభువా" అంది.