ఏడో వెర్షన్: ఉద్గారాలు సగమయ్యాయి, మీటర్ మాత్రం పైకే

పిల్లలు పాలకులై పన్నులు వేస్తూ, ఎన్నికలు నెగ్గుతూ భూమి వేడిని అదుపు చేసే ఆట ఒకటి తయారుచేస్తున్నాను. నిన్న ఎనిమిది మంది పిల్లలతో దాని ఏడో వెర్షన్ ఆడించాను. మళ్ళీ పాత చోటే ఆగిపోయింది. మూడో రౌండ్ అవగానే ఆరుగురు కార్బన్ పన్ను (గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ మీద వేసే పన్ను) ఎత్తేశారు. ఎందుకని అడిగితే, "పన్ను వేసినా వేడి పెరుగుతూనే ఉంది కదా, ఇంకెందుకు?" అంది ఒకమ్మాయి. రాత్రంతా ఆ మాటే మెదిలింది.

లెక్కలో తప్పు లేదు. రౌండుకు అయిదేళ్లు, 2025 నుంచి 2050 దాకా అయిదు రౌండ్లు. ఆటలో ఉద్గారాలు, అంటే గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్, ఏటా 3,700 కోట్ల టన్నులు. ప్రతి లక్ష కోట్ల టన్నులకు భూమి సుమారు 0.45 డిగ్రీలు వేడెక్కుతుందని ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం) ఆరో నివేదిక చెప్పింది, అంటే రౌండుకు 0.083. పారిశ్రామిక యుగానికి ముందుకంటే పెరిగిన వేడి మొదట్లో 1.3 డిగ్రీలు, తొలి రౌండుకి 1.38. అప్పుడు పన్ను వేసి ఉద్గారాలు సగానికి దించారు: 1.42, ఆపై 1.47. తెర మీద వేడి మీటర్‌లో ఒక్క దశాంశమే చూపిస్తున్నా, కాబట్టి వాళ్ళకి కనిపించింది 1.4, 1.4, 1.5.

అయిదో వెర్షన్‌లో రెండు దశాంశాలు పెట్టి చూశాను, ఎక్కే అంకె ఎక్కుతూనే ఉంది. ఆరోదాంట్లో నీళ్ల తొట్టి బొమ్మ: కుళాయి సగం కట్టినా తొట్టి నిండుతుందని. ముగ్గురికి వెలిగింది, మిగతావాళ్లు తూము ఏదని అడిగారు. మంచి ప్రశ్నే, మనం వదిలేదాంట్లో నేలా సముద్రాలూ సగానికి పైగా పీల్చుకుంటున్నాయి మరి. కానీ తూము గీస్తే తొట్టి దానంతటదే ఖాళీ అవుతుందనుకుంటారని నా భయం.

ఏడోదాంట్లో "ఏమీ చేయకపోతే" అనే చుక్కల గీత. గ్రాఫు నిలువు అక్షం 0 నుంచి 3 డిగ్రీలు, ఎత్తు 300 పిక్సెళ్లు: రెండో రౌండ్‌లో తేడా 0.04, అంటే 4 పిక్సెళ్లు. ఎవరికి కనిపిస్తుంది? అక్షం 1.2–1.8కి కుదిస్తే 21 పిక్సెళ్లు అయింది, కానీ అసలు గీత కూడా నిటారుగా లేచి మరింత బెదరగొట్టింది.

పన్ను వసూళ్లు ఇంటింటికీ తిరిగిచ్చే కార్డుతో ఓటర్ల మద్దతు లెక్క మాత్రం కుదిరింది.

అసలు చిక్కు ఆట పాతికేళ్ల గడువులో ఉందనిపిస్తోంది. ఎన్-రోడ్స్ అనే వాతావరణ సిమ్యులేటర్‌లో ఏదైనా విధానం స్లైడర్ జరపగానే 2100 నాటి వేడి కనిపిస్తుంది, అందుకే దాని ముందు పిల్లలు నిలబడిపోతారు. నాకు తెలిసి విధానాలు చూపించడానికి అంతకు మించిన సిమ్యులేటర్ లేదు. కానీ అందులో ఎన్నికల్లో ఓడిపోయేవాళ్లు లేరు, నాకు వాళ్లే ముఖ్యం. పదిహేనేళ్ల రౌండ్లు పెడితే 2100 అందుతుంది, అయిదేళ్లకోసారి వచ్చే ఎన్నికలు మాత్రం చెదిరిపోతాయి.

కాబట్టి ఎనిమిదోదాంట్లో రౌండ్లు అలాగే ఉంచి, ప్రతి రౌండ్ చివర "ఇలాగే సాగితే 2100లో" అనే అంకె పెద్దగా వేస్తాను. లెక్కేశాను: ఉద్గారాలు కదలకపోతే 2.55, 2030లో సగానికి దించి అక్కడే ఉంచితే 1.97. ఆ తేడా చిన్న తెర మీద కూడా దాగదు. ఇప్పటి మీటర్ మూలకి పోతుంది.

ఆట రాస్తున్న ట్వైన్‌లో (ఎంపికలతో నడిచే కథలు రాసే సాధనం) కథ హాయిగా సాగుతుంది గానీ గ్రాఫులు గీయాలంటే యాతన, ఆ తెర ఒక్కటీ గొడో అనే గేమ్ ఇంజిన్‌లో రాయాలి. అది నిలబడ్డాక మీథేన్ కార్డు. వేడి పెంచే మరో వాయువైన మీథేన్ గాల్లో సుమారు పన్నెండేళ్లలో చాలావరకు తరిగిపోతుంది, ఆ ఒక్క కార్డుకైనా మీటర్ త్వరగా స్పందించడం పిల్లలు చూస్తారు.