పని చేశారు, మస్టర్‌లో హాజరు పడింది, మరి కూలి ఎక్కడ ఆగింది?

ఉపాధి హామీ కూలికి ఆధార్ తప్పనిసరి చేయొద్దని కూలీల సంఘాలు ఎందుకంటున్నాయని అడిగితే, చాలామంది అరిగిపోయిన వేళ్ల గురించే చెబుతారు. నిజమే, కానీ అది సగం సంగతి. చాలాసార్లు డబ్బు వేలిముద్రల మెషీన్ దాకా రాకముందే ఆగిపోతుంది, అదీ కూలీ కంటికి కనపడని చోట. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడితే ఎంపీడీవో ఆఫీసులో మన అర్జీ పక్కకు పోతుంది. అందుకే విడివిడిగా చెప్తాను.

2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలి ఖాతా నంబరును బట్టి కాక ఆధార్ నంబరును బట్టి పడుతోంది. ఆధార్ ఆధారంగా చెల్లించే ఈ పద్ధతినే ఏబీపీఎస్ అంటున్నారు. మొదట 2023 ఫిబ్రవరి 1 అన్నారు. దేశమంతా గొడవ కావడంతో గడువును పొడిగిస్తూ వచ్చి ఏడాది చివరికి ముగించారు. ఈ పద్ధతిలో కూలి పడాలంటే ముందు జాబ్ కార్డుకు ఆధార్ నంబరు ఎక్కాలి. ఆ పేరు, వివరాలు ఆధార్‌లో ఉన్నవాటితో సరిపోవాలి. బ్యాంకు ఖాతాకు కూడా ఆధార్ కలవాలి. చివరగా ఆ ఖాతా, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ వాళ్ల మ్యాపర్‌లో, అంటే ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో చూపే జాబితాలో, నమోదు కావాలి. ఈ నాలుగు ముడుల్లో ఏ ఒక్కటి ఊడినా కూలి రాదు. పార పట్టిన మనిషికి ఆ నాలుగింటిలో ఒక్కటీ చేతిలో ఉండదు.

మన రాష్ట్రాల్లో ఎక్కువ తలనొప్పి రెండో ముడి దగ్గరే. జాబ్ కార్డులో "లక్ష్మి" అని ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి "కొమ్ము లక్ష్మి" అని ఉంటుంది. తెలుగులో ఒక్కటే అయిన లక్ష్మిని ఇంగ్లీషులో ఒకరు ఎక్స్‌తో రాస్తారు, ఇంకొకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు. మనం ఇంటిపేరు ముందు చెప్తాం, ఆపరేటర్ దాన్ని వెనక్కి నెడతాడు. పెళ్లయిన ఆడమనిషికి ఒక కార్డులో పుట్టింటి పేరు, ఇంకో కార్డులో అత్తింటి పేరు ఉంటాయి. ఊళ్లో ఆమె ఎవరో అందరికీ తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం వాళ్లు ఇద్దరు మనుషులు.

దీన్ని సరిచేయాలంటే ఆధార్ సెంటర్‌కు ఒక రోజు, మండల ఆఫీసుకు ఇంకో రోజు పోవాలి. అంటే రెండు రోజుల కూలి పోయినట్టే. పైనుంచేమో "నూటికి నూరు శాతం సీడింగ్ (ఆధార్ కలపడం) కావాలి" అని ఒత్తిడి. తప్పును దిద్దడం కంటే పేరు కొట్టేయడం తేలిక, శాతం కూడా అప్పటికప్పుడు పెరుగుతుంది. 2021-22లో దేశంలో సుమారు కోటిన్నర మంది కూలీల పేర్లు తీసేస్తే, 2022-23లో 5 కోట్లకు పైగా తీసేశారని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 78 లక్షలకు పైగా, తెలంగాణ వాటా 17 లక్షలకు పైగా. దొంగ కార్డులు, రెండేసి ఉన్న కార్డులు, చనిపోయినవాళ్లు, వలసపోయినవాళ్లు, పని వద్దన్నవాళ్లు అని కారణాలు రాశారు. ఒక్క ఏడాదిలో ఇన్ని కోట్ల మంది ఒక్కసారిగా పని వద్దనుకున్నారంటే నేను నమ్మను. మీ ఊరి తొలగింపుల జాబితా తీయించి, కారణం పక్కన "పని చేయడానికి ఇష్టం లేదు" అని ఉన్న పేర్లను గ్రామసభలో పైకి చదివించండి. ఆ మనుషులు అక్కడే కూర్చొని ఉంటే అంతకు మించిన సాక్ష్యం ఏం కావాలి?

నాలుగో ముడి గురించి కూలీలకు ఎవరూ చెప్పరు. ఒక మనిషికి మూడు ఖాతాలున్నా డబ్బు పడేది మ్యాపర్‌లో చివరగా ఎక్కిన ఖాతాలోనే. గ్యాస్ సబ్సిడీకనో, డ్వాక్రా అప్పుకనో ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతా కావచ్చు, సిమ్ కార్డుతో పాటు తెలియకుండానే తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా కావచ్చు. ఆన్‌లైన్‌లో చూస్తే "జమ అయింది" అని ఉంటుంది, పాస్‌బుక్‌లో ఏమీ ఉండదు. అప్పుడు ఫీల్డ్ అసిస్టెంట్‌తో తగువు పెట్టుకోవద్దు. ఆధార్‌కు కలిపిన ఫోను నుంచి *99*99*1# కొట్టి ఆధార్ నంబరు ఇస్తే ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో తెలుస్తుంది. మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ దగ్గర కూడా చూడొచ్చు. డబ్బు ఆ బ్యాంకులోనే వెతకండి.

ఇక వేళ్ల సంగతి. అది డబ్బు తీసుకునేటప్పుడు వచ్చే ఇబ్బంది. వేసవిలో గట్టి నేల మీద గడ్డపార దించి, తట్టలు మోసిన చేతులవి. వేలి కొసలు నున్నగా అయిపోయి ఉంటాయి, కొన్నిచోట్ల చర్మం పగిలి నల్లగీతలు పడి ఉంటాయి. ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బిచ్చే బ్యాంకు మిత్ర గుడ్డతో మెషీన్ అద్దం తుడుస్తాడు, వేలు తడి చేసుకోమంటాడు, తలకు రుద్దుకోమంటాడు. బొటనవేలు అయ్యాక చూపుడు వేలు, తర్వాత రెండో చెయ్యి. చివరికి "రేపు రా అమ్మా" అంటాడు. ఇక్కడ పనికొచ్చే మాట ఒకటుంది. పది వేళ్లలో ఏది బాగా పడుతుందో చూసే పద్ధతి ఆధార్‌లోనే ఉంది, అది ఒకసారి చేయించుకుంటే ప్రతిసారీ బొటనవేలితో కుస్తీ పట్టక్కర్లేదు. బ్రాంచి దగ్గరలో ఉంటే పాస్‌బుక్‌తో విత్‌డ్రాయల్ ఫారం రాసి తీసుకోవచ్చు. కూలి ఆధార్ మీద పడింది కాబట్టి వేలిముద్రతోనే తీయాలన్న రూలేమీ లేదు.

హాజరు యాప్ ఎన్‌ఎంఎంఎస్ కూడా ఇదే కోవలోది. 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండు ఫొటోలు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే ఆ రోజు మట్టి తీసినా తీయనట్టే. ఫొటోకు ఫొటో తీసి పెడుతున్నారని, పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్‌లో ఒప్పుకుంది. దొంగ మస్టర్ దారి వెతుక్కుంటే, ఎండలో నిలబడినవాళ్లు నష్టపోయారు.

సంఘాలు అసలు సాంకేతికతకే వ్యతిరేకమన్నది అన్యాయమైన మాట. 2010-12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్రల స్మార్ట్‌కార్డులతోనే కూలి ఇచ్చారు. 157 మండలాల్లో దాన్ని పరిశీలిస్తే చెల్లింపులు త్వరగా అందాయి, మధ్యలో మింగడం తగ్గింది. కానీ అప్పుడు కార్డు లేనివాళ్లకు కూలి ఆపలేదు. రెండేళ్ల తర్వాత కూడా దాదాపు సగం చెల్లింపులు కార్డు లేకుండానే జరిగాయి. ఇప్పుడు తీసేసింది ఆ వెసులుబాటునే. 2023 ఫిబ్రవరిలో ఉపాధి కూలీల సంఘాల వేదిక నరేగా సంఘర్ష్ మోర్చా ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర వంద రోజుల ధర్నాకు కూర్చున్నది ఏబీపీఎస్‌నూ, హాజరు యాప్‌నూ వెనక్కి తీసుకోమనే.

అర్జీ రాసేటప్పుడు "మా డబ్బులు రాలేదు" అని వదిలేయొద్దు. జాబ్ కార్డు నంబరు, మస్టర్ నంబరు, పని చేసిన తేదీలు, రావలసిన మొత్తం రాసి, తేదీతో రసీదు తీసుకోండి. ఏబీపీఎస్‌కు అర్హత లేదన్న కారణంతో జాబ్ కార్డు తొలగించకూడదని కేంద్రమే 2023లో ప్రకటించింది, ఆ మాటా అర్జీలో పెట్టండి. ధ్రువీకరణ కుదరలేదని హక్కుదారుకు ప్రయోజనం ఆపకూడదని 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు అంది. మస్టర్ ముగిసి 16వ రోజు దాటితే, బాకీ కూలి మీద రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాశారు. 3,000 రూపాయలు 30 రోజులు ఆలస్యమైతే 45 రూపాయలు. చిన్న మొత్తమే, కానీ అది అడిగితే ఆలస్యం జరిగిందని రికార్డులోకి ఎక్కుతుంది.

ఆ పాత చట్టం స్థానంలో 2025 డిసెంబరులో తెచ్చిన కొత్త గ్రామీణ ఉపాధి చట్టంలో బయోమెట్రిక్ ధ్రువీకరణను నేరుగా చట్టంలోనే పెట్టారు. ఇకమీదట సర్క్యులర్ల మీద కొట్లాడితే సరిపోదు. రాష్ట్రాల నిబంధనల్లో ఒక్క వాక్యం రాయించాలి: ధ్రువీకరణ ఏ కారణంతో కుదరకపోయినా, పని గుంపును చూసుకునే మేట్ సంతకం, ఇద్దరు తోటి కూలీల సాక్ష్యంతో హాజరు వేసి, కూలీ ఇచ్చిన ఖాతా నంబరులోనే పదిహేను రోజుల్లో డబ్బు జమ చేయాలి.