సుంకి ఘాటీ మీదుగా, స్పాన్సర్ కోసం

తెల్లారగట్ల నాలుగున్నరకి సాలూరులో బయల్దేరాం. నేనూ, మా మేనల్లుడూ, వెనక సీట్లో ఒక నీలం ఫైలూ. కారు పోటీల లైసెన్సు నకలు, చెప్పిన వేగం, సమయం తప్పకుండా తోలే టీఎస్‌డీ ర్యాలీలు రెండింటి సర్టిఫికెట్లు, కర్ణాటకలో తోలిన ఒకే ఒక్క స్టేజ్ ర్యాలీ టైమ్ కార్డు, రంగుల్లో ప్రింటు తీయించిన పది పేజీల వినతి, అన్నీ అందులోనే ఉన్నాయి. వాడికి ఇరవై మూడేళ్లు. సంక్రాంతిలోగా వచ్చే సీజన్‌కి డబ్బు కూడకపోతే కారు అమ్మేద్దామని మా బావ తేల్చి చెప్పేశాడు. ఒడిశా వైపు మనవాళ్ల వ్యాపారాలున్నాయి, ఒకసారి తిరిగి అడిగి చూద్దామని నేనే అన్నాను.

సాలూరంటే లారీలు. మా నాన్న రాయపూర్ లోడు వేసుకుని ఈ ఘాటీ ఎన్నిసార్లు ఎక్కి దిగాడో లెక్కలేదు. అప్పుడిది 43వ నంబరు హైవే, ఇప్పుడు 26. మా బావకీ రెండు లారీలుండేవి. ఒకటి అమ్మితే వచ్చిందే ఈ పిల్లాడి ర్యాలీ కారు. అందుకని ఆయన గడువు పెట్టినందుకు నాకు కోపం లేదు.

కార్తీకమాసం చలి. సుంకి దగ్గరికొచ్చేసరికి వెలుగొచ్చింది. కొండవాలు నిండా వలిసెపూలు, పసుపు ఆరబోసినట్టు. బండి వాడే తోలాడు, నలభై దాటకుండా. ప్రతి వంపులోనూ హారన్ కొట్టి, ఎదురొచ్చే లోడు లారీకి ఆగి దారిచ్చాడు. ర్యాలీ అనగానే రోడ్ల మీద బరితెగించి తోలడమనుకుంటారు జనం. అసలు స్టేజ్ అంటే పోటీగా తోలే దారి ముక్క. అది జరిగేటప్పుడు ఆ దారి మూసేస్తారు, కార్లని ఒక్కొక్కటిగా, మధ్యలో కాస్త వ్యవధి ఇచ్చి వదులుతారు. గడియారంతోనే పోటీ. "స్టేజ్ బయట స్పీడు సూపించినోడు డ్రైవరు కాడు మావయ్యా," అన్నాడు వాడు.

సుంకిలో టీ, ఘుగుని అనే బఠానీల కూర. బల్ల మీద వాడి పేస్‌నోట్స్ పుస్తకం తిరగేశాను. స్పైరల్ బైండింగు, అట్టకి చెమట మరకలు, పెన్సిలు రాత, తెలుగు అక్షరాలే. "కుడి 3 బిగుసు, 80, ఎడమ 5 మిట్ట మీద, కోయొద్దు, రాయి." అంకె పెరిగేకొద్దీ వంపు సడలుతుందట. మధ్యలో 80 అంటే తిన్నగా ఎనభై మీటర్లు. కోయొద్దు అంటే వంపు లోపలి అంచు మీదికి పోవద్దని, అక్కడ రాయి ఉందని. పోటీకి ముందు రెక్కీలో ఆ దారిన మెల్లగా, మామూలుగా రెండుసార్లే తిరగనిస్తారు. అప్పుడు రాసుకున్నదాన్ని పోటీలో పక్కన కూర్చున్న బొబ్బిలి కుర్రాడు చదువుతుంటే, ఇంకా కంటికి కనబడని వంపులోకి మనవాడు కారు తిప్పుతాడు. ఒక పేజీలో సగంలోనే రాత మీద అడ్డంగా గీత ఉంది. ఏటని అడిగితే, "అక్కడే డ్రైవ్ షాఫ్ట్ విరిగిపోయింది," అన్నాడు. రెండో స్టేజ్‌లో, మొదలైన ఆరో నిమిషంలో. మా బావ లారీ అక్కడితో సరి.

ఫోన్లో ఇంకో ఫొటో చూపించాడు. సీటు బెల్టుకి కుట్టిన చిన్న లేబులు, దాని మీద గడువు సంవత్సరం. ప్రపంచ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ గుర్తున్న బెల్టుకీ, సీటుకీ వయసుంటుంది. ఆ ఏడు దాటిందా, పోగు చెదరకపోయినా పోటీ ముందు చేసే తనిఖీలో పక్కన పెట్టేస్తారు. వాడి బెల్టులకి ఈ డిసెంబరే ఆఖరు. ఇద్దరికీ కొత్తవి కొనాలి. హెల్మెట్లు, మెడని కాపాడే హాన్స్ పట్టీ, నిప్పంటుకోని ఓవరాల్స్, అన్నీ రెండేసి. ఎంట్రీ ఫీజు, టైర్లు, రెక్కీకి వేరే బండి, మెకానిక్కుల తిండీ బసా ఇంకా దీని మీద. ప్రాణానికి సంబంధించినవి, వీటిలో తగ్గించమని నేను అడగలేను. వాడూ తగ్గించడు.

నా మనసులో మెలిపెట్టేది ఒకటే. క్రికెట్ ఆడే పిల్లాడు పక్కవాడి బ్యాటు అడిగి ఆడినా నలుగురి కంట్లో పడతాడు. వీడు ఎంతటివాడో తెలియాలంటే ముందు లక్షలు పోయాలి. పోసినవాడే కనిపిస్తాడు. ఫ్రాన్సులో అక్కడి మోటార్ క్రీడల సమాఖ్య దీనికో దారి వేసింది. ర్యాలీ జ్యూన్ అని ఒక ఎంపిక పెట్టి, సమాఖ్య కార్లే ఇచ్చి కుర్రాళ్లని తోలించి చూసింది. 2005లో అందులో గెలిచిన సెబాస్టియన్ ఓజియే తర్వాత ప్రపంచ ఛాంపియనయ్యాడు. అంతకు పదేళ్ల ముందు ఎలక్ట్రీషియన్ పని నేర్చిన సెబాస్టియన్ లోబ్ అదే ఎంపికలో రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్లి గెలవలేకపోయాడు. అయినా అతన్ని చూసినవాళ్లున్నారు. ర్యాలీ మీద ఇష్టమున్న ఇద్దరు చేయూతనిచ్చారు. 2004 నుంచి 2012 దాకా ప్రతి ఏడూ అతనే ప్రపంచ ఛాంపియన్. మన దగ్గరా ముందు కుర్రాణ్ణి చూసి, తర్వాత కారు సంగతి చూసే ఏర్పాటు ఉండాలి. కట్టలు కట్టలు డబ్బు అక్కర్లేదు. రెండు కార్లు, ఒక మట్టి మైదానం, స్టాప్‌వాచీ పట్టుకునే తెలిసినవాడు ఒకడు చాలు.

పొట్టంగి దాటి సునాబెడ చేరాం. అక్కడ ఒక పెద్ద సంస్థలో లెక్కల విభాగంలో పనిచేసే మా ఊరాయన క్వార్టర్లో ఇడ్లీ తిన్నాం. కంపెనీల సామాజిక బాధ్యత నిధి మీద మేం చాలా ఆశ పెట్టుకునొచ్చాం. ఆయన ఓపిగ్గా చెప్పాడు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ కూడా మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం దీనికి ఖర్చు పెట్టాలి. జాతీయ గుర్తింపున్న క్రీడల్లో శిక్షణకి ఇవ్వొచ్చు. కానీ కారు మీద కంపెనీ బొమ్మ వేసి ప్రచారానికిచ్చే స్పాన్సర్‌షిప్ ఈ లెక్కలోకి రాదు. "నీ పది పేజీల్లో తొమ్మిది పేజీలు బానెట్ మీద పేరు ఎంత పెద్దగా వేస్తావో అనే ఉంది నాయనా," అన్నాడు. మనవాడి మొహం వాడిపోయింది. నాకైతే ఆయన మాట మేలే చేసింది. శిక్షణ పేరుతో ఒక సంఘంగా అడగాలి గానీ ఒక్కడి కారు కోసం కాదని మాకు అంతదాకా ఎవరూ చెప్పలేదు.

కొరాపుట్‌లో ఆగకుండా మధ్యాహ్నానికి జయపురంలో దిగాం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోదే. మెయిన్ రోడ్డు కొట్లలో ఇప్పటికీ బేరాలు సగం తెలుగులోనే. రైసు మిల్లు పెద్దాయన మా నాన్నని ఎరిగినవాడు. ఫైలు మొత్తం, అట్ట నుంచి అట్ట దాకా చదివాడు. 

"ఏటి బాబూ, దీనికి గవర్నమెంటు గుర్తింపుందా? లేక కుర్రకారు సరదాయా?"

"ఉంది తాతగారూ. ఢిల్లీ ఆయన గౌరవ్ గిల్ అని, ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్ మూడుసార్లు గెలిచారు, 2013, 2016, 2017. 2019లో అర్జున అవార్డు ఇచ్చారు. కారు పోటీల్లోంచి ఆయనకే మొదట."

"మీ అమ్మ ఒప్పుకుందా?"

దీనికి మాత్రం వాడు వెంటనే బదులివ్వలేదు. "స్టేజ్ అయిపోయాకే ఫోన్ చేస్తానండి," అన్నాడు. పెద్దాయన లోపలికెళ్లి కవరు తెచ్చాడు. 5,116 రూపాయలు. పెళ్లి చదివింపులిచ్చినట్టు పదహార్లు కలిపి, బొట్టు పెట్టి ఇచ్చాడు. బెల్టుల ఖరీదుకి అది ఏ మూలకీ రాదు. వాడు వంగి ఆయన కాళ్లకి దండం పెడితే నా కళ్లు చెమర్చాయి.

తర్వాత నాలుగు కొట్లు. ఒకాయన లేడన్నారు. ఒకాయన దీపావళి అయిపోయింది, ఉగాదికి రమ్మన్నాడు. మిగతా ఇద్దరూ టీ ఇచ్చి పంపారు.

చీకటి పడే వేళకి బైపాస్ దగ్గర టైర్ల కొట్టు. యజమాని మా వయసువాడు, అమ్మది పార్వతీపురం, నాన్నది ఒడియా ఇల్లు. మట్టి ర్యాలీ టైర్లు ఆయన దగ్గర ఉండవని మాకూ తెలుసు. వినతి పక్కన పెట్టి పేస్‌నోట్స్ పుస్తకం అడిగాడు. కౌంటరు లైటు కింద పేజీ పేజీ తిప్పాడు. గీత కొట్టిన చోట ఆగాడు.

"రెక్కీకి ఏ బండి?"

"మా కో-డ్రైవర్ వాళ్ల పాత బొలెరో అండి."

"టైర్లు ఎలా ఉన్నాయి?"

మనవాడు అబద్ధమాడలేదు. "అరిగిపోయాయండి."

"హౌ, సరే. ఆ నాలుగూ నేనేస్తాను. ఇక్కడికి తీసుకురా. డబ్బు అడగొద్దు, నా దగ్గర లేదు." కాసేపాగి అన్నాడు, "కారు మీద మా కొట్టు పేరు ఒడియాలో రాయిస్తావా? మా నాన్న చదువుకుంటాడు."

వాడు పుస్తకం వెనకట్ట తిప్పి పెన్సిలు తీశాడు. కొట్టు బోర్డు చూస్తూ ఆ గుండ్రటి అక్షరాలు ఒక్కొక్కటే దింపుతున్నాడు. మూడో అక్షరం దగ్గర ఆయన వాడి చెయ్యి పట్టుకుని ఆపి, పైన గీసిన వంపు చెరిపించి మళ్లీ రాయించాడు.