చివరి స్థానాన్ని మాత్రమే గుర్తుంచుకుంటే

ఒంగోలు పరిసరాల పొగాకు వేలం కేంద్రాల్లో బేళ్లను వరుసలుగా పెట్టి, ప్రతి బేలుకూ గ్రేడు నిర్ణయిస్తారు. అలాంటి ఒక వరుసలో గ్రేడులు 4, 7, 4, 2, 7 అనుకుందాం. మూడో బేలు నుంచి ఐదో బేలు వరకు ఎన్ని రకాల గ్రేడులున్నాయి? అరేలోని (అంటే వరుసగా పేర్చిన విలువల జాబితాలోని) ఒక భాగంలో వేర్వేరు విలువలను లెక్కించడమంటే ఇదే. ప్రశ్న ఒక్కటే అయితే ఆ భాగాన్ని ఒక సెట్‌లో, అంటే ఒక్కో విలువను ఒక్కసారే ఉంచుకునే సమితిలో వేస్తే సరిపోతుంది. వరుస పొడవుగా ఉండి, ప్రశ్నలు లక్షల్లో ఉన్నప్పుడు ఆ పద్ధతి నిలవదు.

అదే మూడో బేలు నుంచి ఐదో బేలు వరకు బరువుల మొత్తం అడిగితే మొదటి ఐదింటి మొత్తంలోంచి మొదటి రెండింటి మొత్తాన్ని తీసివేయవచ్చు. రకాల విషయంలో ఆ తీసివేత చెల్లదు: మొదటి ఐదింటిలో 3 రకాలు, మొదటి రెండింటిలో 2 రకాలు ఉన్నాయి, తీసివేస్తే 1 వస్తుంది, కానీ అసలు జవాబు 3. రెండు భాగాల జవాబులను కలిపినా ఇదే చిక్కు, ఎందుకంటే రెండింటిలోనూ ఉన్న విలువ రెండుసార్లు లెక్కకు వస్తుంది.

నాకు అత్యంత ఇష్టమైన పరిష్కారం ఈ చిక్కును మూలంలోనే తొలగిస్తుంది. ప్రశ్నలను కుడి కొసను బట్టి క్రమపరచి, అరేను ఎడమ నుంచి చదువుతూ, ప్రతి విలువకూ అంతవరకు అది చివరిసారి కనిపించిన స్థానంలో మాత్రమే 1 ఉంచి, పాత స్థానంలోని 1ని తుడిచివేయాలి. ఐదో స్థానానికి చేరేసరికి గుర్తులు 0, 0, 1, 1, 1 అవుతాయి. ఐదో స్థానంతో ముగిసే భాగం ఎక్కడ మొదలైనా, అందులోని ప్రతి విలువ చివరి స్థానం ఆ భాగంలోనే ఉంటుంది కనుక, రకాల లెక్క కాస్తా మామూలు కూడికగా మారుతుంది. ఆ కూడికకు పీటర్ ఫెన్విక్ 1994లో ప్రచురించిన ట్రీ, అంటే విలువలు మారుతున్నా మొత్తాలను త్వరగా చెప్పే డేటా అమరిక, చక్కగా సరిపోతుంది. ఒక్కో మార్పుకూ, ఒక్కో మొత్తానికీ పట్టే సమయం వరుస పొడవుకు లాగరిథమ్ స్థాయిలోనే ఉంటుంది. ప్రశ్నల క్రమం మార్చి, భాగం కొసలను కొద్దికొద్దిగా జరుపుతూ లెక్కించే మో అల్గారిథమ్ కూడా పనిచేస్తుంది గానీ నెమ్మది. ప్రశ్నలు ముందుగా తెలియకపోతే ప్రతి దశలోని గుర్తులనూ భద్రపరిచే పర్సిస్టెంట్ సెగ్మెంట్ ట్రీ వాడాలి.

వరుసలోని ప్రతి భాగానికీ వచ్చే రకాల సంఖ్యలన్నిటి మొత్తం కావాలంటే ట్రీ కూడా అక్కర్లేదు. ప్రతి విలువనూ ఒక భాగంలో అది మొదటిసారి కనిపించిన చోటే లెక్కిస్తే, ఒక స్థానం వాటా రెండు సంఖ్యల లబ్ధం అవుతుంది: అదే విలువ అంతకుముందు ఉన్న చోటు నుంచి దూరం ఒకటి (ముందు లేకపోతే సున్నా నుంచి), తనతో కలిపి చివరి వరకు ఉన్న స్థానాల సంఖ్య మరొకటి. మన వరుసకు ఇవి 5, 8, 6, 8, 3, మొత్తం 30.