లారీ కాటా

పదకొండున్నర. గిన్నెలు సింకులోనే ఉన్నాయి. ఆయన రెండుసార్లు తొంగిచూసి వెళ్ళారు. ఆ రంపపు గీత కళ్ళముందు నుంచి పోవట్లేదు, రాసేస్తే గానీ నిద్ర పట్టదు.

బోరు పంపింగ్ టెస్టు (నీళ్ళు తోడుతూ, బోరులో మట్టం ఎంత దిగిందో కొలవడం) గురించి వారంగా సణుగుతున్నా. నీటిమట్టం ఎంత దిగుతుందన్న లెక్క లాప్లాస్ వైపు, అంటే కాలం బదులు వేరే రాశిలోకి మార్చి లెక్క తేలిక చేసుకునే చోట, ఒక్క బెసెల్ ఫంక్షన్‌తో (సైన్, లాగ్ లాంటి ఒక సిద్ధ ఫంక్షన్) తేలిపోతుంది. దాన్ని వెనక్కి, గంటలూ నిమిషాల్లోకి తేవడమే తద్దినం. 1970 నాటి స్టెఫెస్ట్ పద్ధతి వాడా. కాంప్లెక్స్ సంఖ్యల జోలి లేదు. కొన్ని చోట్ల విలువలు తీసి, ఒక్కోదాన్ని దాని గుణకంతో గుణించి కూడడమే. ఎన్ని చోట్లన్నది మనిష్టం, సరిసంఖ్య అయితే చాలు. 12 పెడితే గీత బుద్ధిగా వచ్చింది. మా పెద్దమనిషి (ఆఫీసులో మా సారు) వెనక నుంచి చూసి, "24 పెట్టమ్మా, ఇంకా కరెక్టుగా వస్తుంది" అన్నారు. పెట్టా. రంపం! ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, అంతే ధీమాగా గీసిచ్చింది. ఒళ్ళు మండింది అందుకే. మా బుజ్జిగాడు అబద్ధమాడితే కనీసం చెవి గోక్కుంటాడు.

మూడు గంటలు ప్రోగ్రాంలో తప్పు వెతికా. లేదు. చివరికి గుణకాలు ప్రింట్ చేసి చూశా. 12కి అన్నిటికన్నా పెద్దది 80 లక్షలు, 14కే 17 కోట్లు. ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు, మొత్తం కూడితే సున్నా. కోట్లలోంచి కోట్లు తీసేసి, మిగిలిన చిల్లరని జవాబంటున్నామన్నమాట. కంప్యూటర్ చేతిలో ఉన్నవి సుమారు 16 అంకెలు. 24 దగ్గర దాదాపు అన్నీ ఆ తీసివేతకే హారతి.

అప్పుడు గుర్తొచ్చింది, ధాన్యం లారీ. నేను ఏడో క్లాసు. లోడుకి ముందు ఖాళీ లారీని కాటా ఎక్కించారు. నాన్న చీటీ తీసుకోబోతూ ఆగి, గబగబా వెళ్ళి క్యాబిన్ తలుపు లాగారు. లోపల నలుగురు హమాలీలు, ఒకరి ఒళ్ళో ఒకరు, నీళ్ళ క్యానుతో సహా. "దిగండ్రా, ముందు దిగండి!" ఖాళీ లారీ బరువు ఎంత పెరిగితే మన ధాన్యం అంత తగ్గుతుంది. కాటావాడు "మనుషులెంతండీ, టన్నుల్లో ఏం తెలుస్తుంది" అన్నాడు. నాన్న కదల్లేదు. పది కేజీల మెట్లతో మారే ఎర్రంకెలు రెండొందలకి పైగా దిగాయి. నాకు మాత్రం, అందరూ చూస్తుంటే నాన్న అలా అరిచారని సిగ్గేసింది. దారంతా మాట్లాడలేదు.

ఎమ్‌పీమ్యాథ్‌లో (ఎన్ని అంకెలు కావాలంటే అన్నిటితో లెక్క చేసే పైథాన్ లైబ్రరీ) 50 అంకెలు పెట్టి మళ్ళీ 24 నడిపా. నున్నటి గీత. బోరు లెక్కలకి వాడే థైస్ పట్టికలో ఒకటి ఎదురుగా ఉండే 0.2194 అచ్చంగా వచ్చింది. అంటే పెద్దమనిషి చెప్పింది తప్పు కాదు, పొద్దుటి నుంచీ ఆయన్ని తిట్టుకున్నది దండగ. కాకపోతే గీత మీద 12కీ దీనికీ తేడా కంటికి ఆనలేదు. బోరు దగ్గర టేపుతో కొలిచింది సెంటీమీటర్లలోనాయె! ఆ ముక్క పొద్దున్నే అనాల్సింది. "సరే సార్" అన్నా.

రాత్రి అన్నాలయ్యాక నాన్నకి ఫోన్ చేసి లారీ సంగతి ఎత్తా. "నలుగురు కాదే, ముగ్గురు" అన్నారు. "నాలుగోవాడు మన పాలేరు. వాణ్ణీ ఎక్కించారు, వెధవలు."