మళ్లీ ఫైనల్ ఇయర్

మన తిరుపతి వెటర్నరీ కాలేజీ ఇచ్చిన బీవీఎస్సీ, అంటే పశువైద్య డిగ్రీ ఒక్కటే పట్టుకుని అమెరికా వెళ్తే అక్కడ కుక్కకి రేబీస్ టీకా కూడా సొంతంగా వేయడానికి లేదు. ఈ సంగతి అందరికీ తెలిసిందే కానీ, పెళ్లయ్యాక హెచ్4 వీసా (భర్త ఉద్యోగ వీసాని బట్టి భార్యకి ఇచ్చేది) మీద వచ్చిన మన కాలేజీ ఆడపిల్లలకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. తిరుపతిలో రాత్రిళ్లు క్లినిక్ డ్యూటీలు చేసినవాళ్లం, చిత్తూరు పల్లెల్లో బురదలో పడుకుని దూడల్ని లాగినవాళ్లం. అలాంటిది డాలస్ అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పక్కింటి కుక్క కుంటడం చూసి "వెనక ఎడమ కాలు, మోకాలి లిగమెంటు" అని మనసులో అనుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు. నేను అలా కొన్నేళ్లు కుక్కల్ని చూస్తూనే గడిపాను.

లైసెన్సుకి దారులు రెండు. ఒకటి ఈసీఎఫ్‌వీజీ, బయటి దేశాల వెటర్నరీ డిగ్రీలని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే కార్యక్రమం. అందులో చివరికి అనస్థీషియా, సర్జరీ, గుర్రాలు, ఆవులు, ఎక్స్‌రే, పోస్ట్‌మార్టం, ఇలా ఒక్కో విభాగంలో ప్రాక్టికల్ పరీక్ష పెడతారు. రెండోది పేవ్, అదీ అలాంటి కార్యక్రమమే. ముందు ఇంగ్లిషు పరీక్ష, తర్వాత ఓ పెద్ద సైన్సు పరీక్ష. అవి గట్టెక్కితే అక్కడి గుర్తింపు ఉన్న వెటర్నరీ కాలేజీలో ఒక ఏడాది, వాళ్ల ఫైనల్ ఇయర్ పిల్లలతో పాటు క్లినిక్స్‌లో పనిచేయాలి. ఏ దారిన పోయినా 360 ప్రశ్నల నావ్లీ అనే లైసెన్సు పరీక్ష రాయక తప్పదు. నేను పేవ్ పట్టుకున్నాను. కొన్ని రోజుల్లో జాతకం తేల్చేసే ప్రాక్టికల్ అంటే నాకు టెన్షన్. ఏడాది పొడవునా చాకిరీ చేయమంటే మాత్రం చేయగలను. ఫీజు ఎంతో ఇక్కడ రాయను. మా నాన్నగారికి ఇప్పటికీ అసలు అంకె చెప్పలేదు, మన కాలేజీ సంచిక ఆయన కూడా చదువుతారు.

అలా ముప్పై దాటాక, పాపని అత్తయ్యగారికి అప్పజెప్పి, ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో మళ్లీ ఫైనల్ ఇయర్‌లో చేరాను. ఊరి పేరు స్టిల్‌వాటర్, డాలస్ నుంచి కారులో నాలుగు గంటలు. అక్కడి వెటర్నరీ కాలేజీ 1948లో మొదలైంది, మనది 1955. వయసులో మన కాలేజీకి అక్క లాంటిది. ఊరంతా యూనివర్సిటీ నారింజ రంగే. ఊరు దాటితే గోధుమ చేలు. చలికాలంలో ఆ పచ్చి గోధుమ పైరు మీదే దూడల్ని తోలి మేపుతారు, దాంతో నురుగు పట్టి కడుపుబ్బిన దూడలు చూడటానికి కొదవుండదు. కంప్యూటర్స్‌లో ఎమ్మెస్ చేస్తున్న ముగ్గురు తెలుగమ్మాయిల ఇంట్లో ఒక గది తీసుకున్నాను. వాళ్లు "అక్కా, ఇవాళ ఏం వాసన?" అని అడిగి మరీ తలుపు తీసేవాళ్లు. ఇక మా పెద్దమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట: "అంత దూరం పోయి కూడా పశువుల డాక్టరేనా తల్లీ?"

అక్కడ రెండు మూడు వారాలకో విభాగం మారుతుంది. ఏ విభాగమైనా పొద్దున మాత్రం ఒకేలా ఉంటుంది. తెల్లవారకముందే వెళ్లి మన పేషెంట్ల టెంపరేచర్, నాడి, మేత, పేడ, మూత్రం అన్నీ చూసుకుని 'సోప్' రాయాలి. యజమాని చెప్పింది, మనకి కనిపించింది, మనం అనుకుంటున్నది, ఇక చేయబోయేది, అదే వరస. తర్వాత రౌండ్స్‌లో అందరి ముందూ నిలబడి కేసు చెప్పాలి. మన కాలేజీ పశువుల ఆసుపత్రి టీవీసీసీలో ఓపీ టైములో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. బయట ఆవులు, మేకలు, కుక్కలు బారులు తీరి ఉంటాయి, "మేత లేదు, జ్వరం 104" అని రెండు లైన్లు రాసి ఇంజెక్షన్ అందుకుంటాం. అక్కడ ఒక బీగిల్ కుక్కకి చెవి పోటొస్తే రెండు పేజీలు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పటికీ నా అభిప్రాయం ఏమిటంటే అందులో సగం లాయర్ల కోసం రాసేదే. మిగతా సగం మాత్రం నిజంగా పనికొస్తుంది. నిన్న సాయంత్రం నేనేమనుకున్నానో కాగితం మీద ఉంటే, ఇవాళ పొద్దున నా మాట నేనే మార్చుకోవడం కుదరదు.

తోటి విద్యార్థులంతా పాతికేళ్లవాళ్లు. గ్యాస్ అనస్థీషియా మెషిను, పళ్ల ఎక్స్‌రేలు, అల్ట్రాసౌండ్ వాళ్లకి కొట్టిన పిండి. నాకు అన్నీ కొత్తే. మన రోజుల్లో కుక్క పళ్లు ఎవరు చూశారు? పిల్లిని పట్టుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నాను. మెడ పట్టుకుని అదిమితే అది ఇంకా రెచ్చిపోతుంది, తువ్వాలు కప్పి వదిలేస్తే అదే సర్దుకుంటుంది. చిలకలు, కుందేళ్లు, ఒక ఇగ్వానా కూడా వచ్చాయి కానీ వాటి గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు.

మన చదువు అక్కరకొచ్చిన రోజులు వేరే ఉన్నాయి. మే నెలలో ఒక సాయంత్రం ఊరి బయట అడవి పక్క ఇంటి నుంచి ఒక పిల్లిని తెచ్చారు. రెండు రోజులుగా తిండి లేదు, జ్వరం 106, చిగుళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. రక్తం తీసి గాజు పలక మీద పలచగా పూసి (స్మియర్ చేసి), రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఏం కనిపిస్తోందో చెప్పమన్నారు మా క్లినీషియన్, అంటే మాకు పని నేర్పే డాక్టరు. నూనె చుక్క వేసి వందో లెన్సు తిప్పాను. ఎర్ర రక్తకణాల్లో రాయి పొదిగిన ఉంగరాల్లా బుల్లి బుల్లి చుక్కలు. నోట్లోంచి "థైలీరియా!" అని వచ్చేసింది. పక్కనున్న పిల్లలు అయోమయంగా చూశారు. ఆవిడ మాత్రం నవ్వి, "దగ్గరి చుట్టం. సైటాక్స్‌జూన్" అన్నారు.

పిల్లుల్లో వచ్చే ఈ సైటాక్స్‌జూన్, మన ఆవుల్లో పిడుదుల వల్ల వచ్చే రక్త పరాన్నజీవి థైలీరియా కుటుంబానిదే. బాబ్‌క్యాట్ అనే అడవి పిల్లుల ఒంట్లో ఉంటుంది, పిడుదులు మోసుకొచ్చి ఇంటి పిల్లులకి అంటిస్తాయి. ఓక్లహోమా, మిస్సోరి, ఆర్కన్సా వైపు వేసవిలో ఎక్కువ. రోజుల్లో ప్రాణం తీసేస్తుంది. మర్నాడు రౌండ్స్‌లో ఆవుల్లో వచ్చే దాని గురించి నన్ను చెప్పమన్నారు. జెర్సీ క్రాస్ ఆవులు ఎలా పడిపోతాయో, భుజం ముందున్న గ్రంథి కోడిగుడ్డంత వాచి చేతికి ఎలా తగులుతుందో, దాంట్లో సూది గుచ్చి తీసిన స్మియర్‌లో నీలి మచ్చలు ఎలా ఉంటాయో, తొలిరోజుల్లోనే బుటాలెక్స్ ఇంజెక్షన్ పడితే ఆవు ఎలా లేచి నిలబడుతుందో బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పాను. వాళ్లు పుస్తకంలో ఒక పేరాగా చదివినదాన్ని నేను వేసవి సెలవుల్లో కూడా చూశాను. బుటాలెక్స్‌లో ఉండే బూపార్వాక్వోన్, ఆ పిల్లికి వాడిన అటోవాక్వోన్ ఒకే జాతి మందులు. అటోవాక్వోన్‌కి అజిత్రోమైసిన్ జోడించి ఇస్తే 60 శాతం పిల్లులు బతికాయని 2011లో ఒక అధ్యయనం వచ్చింది, అంతకుముందు పరిస్థితి ఇంకా దారుణం. మా పిల్లి బతికింది. ఆ తర్వాత వారం వచ్చినది బతకలేదు.

ఇంకో రోజు రాత్రి ఆంగస్ అనే మాంసం జాతి ఆవు పడ్డని ట్రెయిలర్‌లో తెచ్చారు, తొలిచూలు. ముందు కాళ్లు రెండూ బయటికి వచ్చాయి, తల లేదు. నాతో డ్యూటీలో ఉన్నమ్మాయి రాంచ్‌లో పెరిగింది, పదేళ్ల వయసు నుంచే దూడల్ని లాగుతోంది. మాంసం పశువుల సంగతి నాకంటే తనకే ఎక్కువ తెలుసు, అది ఒప్పుకుని తీరాలి. కానీ తన చేయి లావు, పడ్డకి దారి ఇరుకు. వెన్నులో మత్తు ఇంజెక్షన్ (ఎపిడ్యూరల్) ఇచ్చాక నన్ను చూడమన్నారు. చిన్నప్పుడు మా అమ్మ చీపురుపుల్లలని వెక్కిరించిన చేతులు నావి. లోపలికి పోనిస్తే దూడ తల ఎడమ డొక్క వైపు మడుచుకుని ఉంది. నొప్పి ఆగిన క్షణంలో దూడని వెనక్కి నెట్టి, మూతి మూలలో వేలు తగిలించి, పళ్లు గర్భాశయాన్ని గీరకుండా అరచేయి అడ్డం పెట్టి, మెల్లగా తిప్పుకొచ్చాను. అది మన గైనకాలజీ మేడమ్ చెప్పిన పద్ధతి. "అరచెయ్యి అడ్డం పెట్టవే, తల్లి లేకుండా దూడేం చేసుకుంటుంది" అని అరిచేవారు, గుర్తుందా? తల దారిలోకి వచ్చాక చైన్లు వేసి ఇద్దరం లాగాం. మా క్లినీషియన్ ఇలాంటివి ఎన్ని చేశావని అడిగారు. లెక్క పెట్టలేదన్నాను. ఆ తర్వాత ఆ అమ్మాయి నన్ను పేరుతో పిలవడం మానేసి 'డాక్' అనడం మొదలుపెట్టింది. నాకు చాలా బాగుండేది, కాదనను.

అన్నట్టు అక్కడ మూపురం ఉన్న ఆవులు కూడా కనిపిస్తాయి, బ్రాహ్మన్ అంటారు. మన దేశం నుంచి, బ్రెజిల్ నుంచి వెళ్లిన గిర్, కాంక్రేజ్, కృష్ణా వ్యాలీ, ఒంగోలు రక్తం కలిసి తయారైన జాతి. బ్రెజిల్‌లో ఒంగోలు జాతి పేరే నెలోర్, మన నెల్లూరే. పశువు కదలకుండా నిలిపే చ్యూట్‌లో నిలబడ్డ ఒక బ్రాహ్మన్ ఆంబోతు గంగడోలు నిమిరి తెలుగులో పలకరించాను. వినే మూడ్‌లో లేదు, తన్నబోయింది.

చేతి పని విషయంలో మనవాళ్లు ఎక్కడికెళ్లినా నిలబడతారు. నన్ను ఏడిపించినది నోటి పని. రోజూ యజమానికి ఫోన్ చేసి జంతువు ఎలా ఉందో, రేపు ఏం చేస్తామో, ఎంతవుతుందో చెప్పే బాధ్యత విద్యార్థిదే. డబ్బు సంగతి తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత అని రెండు అంకెలుగా చెప్పాలి. మనం రైతుతో ఎలా మాట్లాడతాం? "ఏం కాదులే పెద్దాయనా, తగ్గిపోతుంది" అని భుజం తట్టి పంపుతాం. తగ్గదని తెలిసినా అంతే. అది దయే, కాదనడం లేదు. కానీ ఆయన ఇంకో నాలుగు రోజులు మందులకి అప్పు చేస్తాడని మనకి తెలుసు.

ఒక ముసలి లాబ్రడార్, ప్లీహంలో గడ్డ పగిలి కడుపు నిండా రక్తం. యజమాని లారీ డ్రైవరు, ఊళ్లో లేడు, ఫోన్లో చెప్పాలి. నేను రక్తపరీక్షల అంకెలు, ఆపరేషన్ చేస్తే ఏమవుతుంది, చేయకపోతే ఏమవుతుంది అన్నీ గబగబా చెప్పేస్తున్నాను. పక్కన కూర్చున్న క్లినీషియన్ ఒక చీటీ ముందుకి తోశారు: "ఇక ఆగు." ఆగాను. అటువైపు చాలాసేపు మాట లేదు. ఆ తర్వాత ఆయనే, "సాయంత్రానికి వస్తాను, అప్పటిదాకా నొప్పి తెలియకుండా చూడగలరా?" అన్నాడు.

సాయంత్రం ఆయన వచ్చాక, కుక్కకి కారుణ్య మరణం ఇంజెక్షన్ ఇచ్చే ముందే అన్నీ చెప్పాలి. కళ్లు మూసుకోవు, తెరిచే ఉంటాయి. ఆఖర్న ఒకటి రెండు ఎగశ్వాసలు రావచ్చు, మూత్రం పడొచ్చు, అది బాధ కాదు. ఇవి చెప్పకుండా ఇంజెక్షన్ ఇస్తే ఆ మనిషి జీవితాంతం కుక్క తనవైపే చూస్తూ పోయిందనుకుంటాడు. లేవలేని ఆవు పక్కన రైతుతో పాటు రోజుల తరబడి కూర్చున్నాను గానీ, తిరుపతిలో ఉన్నన్నాళ్లూ నేను ఏ జంతువుకీ కారుణ్య మరణం ఇవ్వలేదు. ఆరోజు మందు నేను ఎక్కించలేదు, కాలు పట్టుకుని నిలబడ్డాను. నెల తిరిగాక నేనే ఇచ్చాను. ఆ రాత్రి మా గదిలోని పిల్లలు ఏం వాసన అని అడగలేదు, పులిహోర కలిపి పెట్టారు.

నావ్లీ గురించి చెప్పడానికి ఏమీ లేదు. రాశాను, అయింది.

ఇప్పుడు టెక్సస్‌లో ఒక చిన్న ఊళ్లో ప్రాక్టీసు, ఎక్కువగా కుక్కలు, పిల్లులు, అప్పుడప్పుడు ఆవులు. ఫోన్ చేసే జూనియర్లందరికీ చెప్పేది ఇదే. థియరీ కోసం కంగారు పడకండి. వచ్చే ముందు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మంచి పెట్ క్లినిక్‌లో కొన్ని నెలలు ఉండి గ్యాస్ అనస్థీషియా చూడండి, పళ్లు చూడండి, పిల్లుల్ని పట్టుకోండి. జబ్బు గురించి తెలుగులో మీ అమ్మకి అర్థమయ్యేలా చెప్పడం ప్రాక్టీసు చేయండి, ఇంగ్లిషు దాని వెనకే వస్తుంది. స్టిల్‌వాటర్ వెళ్లేవాళ్లుంటే ముందుగా ఒక మాట చెప్పండి, నా చలికోటు, రబ్బరు బూట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. స్టెతస్కోపు మాత్రం అడగకండి, ఇవ్వను.